తోక చూచి పేరు చెప్పండి



2019వ సంవత్సరం అక్టోబరు నెలలో దక్షిణ అమెరికాలోని గయానా దేశములో కొన్ని సంఘములను దర్శించే అవకాశము దేవుని కృపను బట్టి మాకు దొరికింది. మేము నలుగురం వెళ్ళాము. అక్కడి ఆరాధనలను గూర్చి, ఆతిథ్యమును గూర్చి చెప్పవలసింది ఎంతో ఉంది. అయితే ఈ నెల అక్కడి అడవిలో మేము చూచిన మూడు జంతువులను గూర్చి మాత్రమే వ్రాయదలిచాము. అవి పులులు కావు, ఏనుగులు కావు. ఎలుక జాతికి చెందిన మూడు ప్రాణులు. వాటిని ఒకదాని నుండి మరొకదాన్ని గుర్తుపట్టడం నేర్చుకోబోయి, అంతకు ముందే మేము చేసిన ఒక పొరపాటును తెలుసుకున్నాము. ఆ పొరపాటు అడవిలో చేసింది కాదు, దేవుని మందిరపు గుమ్మములో చేసింది.

సముద్రపు ఒడ్డున

గయానా చిన్న దేశము. జనాభా ఎనిమిది లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. 1966 వరకు బ్రిటిషువారి ఏలుబడిలో ఉండేది గనుక అక్కడి అధికార భాష ఇంగ్లీషు. సముద్రతీరమంతా చెరకు తోటలు, వరి పొలాలు. తీరపు నేల పోటు నీటిమట్టము కంటే పల్లముగా ఉంటుంది. అందుచేత పొడవునా గోడ కట్టి సముద్రాన్ని ఆపారు. లోపలికి పోతే మాత్రం అంతా మహారణ్యమే.

మన దేశానికీ ఆ దేశానికీ పాత సంబంధమొకటి ఉంది. 1838 మే 5వ తేదీన కలకత్తా నుండి బయలుదేరిన రెండు ఓడలలో మన కూలీలు మొదటిసారి అక్కడ దిగారు. 1845లో మద్రాసు రేవు నుండి కూడా ఓడలు వెళ్ళడం మొదలైంది. 1917లో ఆ ఏర్పాటు ఆగిపోయేలోగా మొత్తం సుమారు 2,39,000 మంది భారతీయులు చెరకు తోటల పనికి వెళ్ళారు. మద్రాసులో ఓడ ఎక్కినవారిలో తమిళులూ ఉన్నారు, తెలుగువారూ ఉన్నారు. అయితే అక్కడి దొరలకు ఆ తేడా పట్టలేదు. అందరినీ కలిపి మద్రాసీలు అన్నారు. ఈ రోజుకీ అక్కడ ఆ మాటే వాడుకలో ఉంది.

బెర్బీస్ ప్రాంతములో ఒక ఆదివారము ఆరాధన ముగిసి బయటకు వస్తూ ఉండగా, ఎనభై ఏండ్లు దాటిన ఒక తల్లి మా దగ్గరకు వచ్చి చేతులు పట్టుకున్నది. మేము భారతదేశము నుండి వచ్చామని ఆమెకు తెలిసింది. తమ పెద్దలు మద్రాసీలని ఇంగ్లీషులో చెప్పింది. ఆమె ఇంకా ఏదో చెప్పాలని నిలబడే ఉంది. మేము మాత్రం, తమిళులు కాబోలు అని మాలో మేమనుకొని, దేవుడు మిమ్మును దీవించును గాక అని చెప్పి టీ ఇస్తున్న వైపు వెళ్ళిపోయాము. ఆ సంగతి అంతటితో మరచిపోయాము.

ఎర్రమట్టి దారి

మరునాడు రాజధాని జార్జిటౌన్ చేరుకున్నాము. అక్కడ కట్టెతో కట్టిన సెయింట్ జార్జి కథీడ్రల్ ఉంది. ఎత్తు 143 అడుగులు. 1892లో ఆరాధనకు తెరిచారు. అంత ఎత్తు గల మందిరాన్ని ఆ దేశపు చెక్కతో నిలబెట్టారని విన్నప్పుడు, ఆ చెక్క ఇచ్చిన అడవిని చూడాలని మాకు కోరిక కలిగింది. మాకు ఆతిథ్యమిచ్చిన సంఘపు పెద్దలు ఏర్పాటు చేశారు.

దక్షిణముగా లిండెన్ అనే బాక్సైటు గనుల ఊరి వరకు మంచి తారు రోడ్డు. అక్కడి నుండి ఎర్రమట్టి దారి. గుంటలలో నుండి బండి ఎగిరెగిరి పడుతూ ఉంటే మన పాత పల్లె బస్సులు గుర్తుకు వచ్చాయి. కురుపుకారి అనే చోట ఎస్సెక్విబో నదిని బల్లకట్టు మీద దాటాము. గయానాలో అన్నిటికంటే పెద్ద నది అది. అవతలి ఒడ్డు నుండి ఇవోక్రామా అడవి.

ఈ అడవికి ఒక చరిత్ర ఉంది. 1989లో కామన్‌వెల్తు దేశాల నాయకులు మలేషియాలో సమావేశమైనప్పుడు, అప్పటి గయానా అధ్యక్షుడు డెస్మండ్ హోయిట్ తమ అడవిలో పెద్ద భాగాన్ని పరిశోధనకూ పరిరక్షణకూ ఇస్తామని చెప్పాడు. 1996లో దానికి చట్టము వచ్చింది. మొత్తం సుమారు 3,71,000 హెక్టార్లు. అందులో ఒక భాగాన్ని ముట్టుకోకుండా ఉంచుతారు. మరొక భాగములో చెట్లు తరగిపోకుండా లెక్క చూచుకుంటూ వాడుకుంటారు. ఆ అడవిలోనూ దాని చుట్టుప్రక్కలా తరతరాలుగా మకుషీ జాతివారు ఉన్నారు. కర్రపెండలము పండించుకొని, దాని దుంపలతో రొట్టె చేసుకుంటారు. చేపలు పడతారు, వేటాడతారు. వారిలో అనేకులు క్రైస్తవులు. మాకు దారి చూపినది కూడా మకుషీ సహోదరుడే. వయస్సు యాభై ఉండవచ్చు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

మొదటి పొరపాటు

ఉదయం ఏడు గంటల వేళ నడిచి పోతూ ఉండగా, ఇరవై గజాల దూరములో గోధుమ రంగు జంతువొకటి దారి దాటింది. సన్నని కాళ్ళు, గుండ్రని వీపు. మాలో ఒకరు వెంటనే, అదిగో కుందేలు అన్నారు. ఆ సహోదరుడు నవ్వి ఆగమని సైగ చేశాడు.

అది మళ్ళీ కనిపించింది. రాలిన పండు ఒకటి ముందరి కాళ్ళతో పట్టుకొని, మన ఉడుత కూర్చున్నట్లు వెనుక కాళ్ళ మీద కూర్చొని కొరుకుతున్నది. చెవులు చిన్నవి. ముందు భాగము ముదురు గోధుమ రంగు. పిర్రల మీద మాత్రం నారింజ కలిసిన ఎరుపు వెంట్రుకలు. మా అలికిడి విని ఆ వెంట్రుకలను విసనకర్రలాగా నిక్కబొడుచుకొని, ఒక్క దూకుతో పొదలలోకి పోయింది.

దీన్ని పుస్తకాలలో అగూటి అంటారు. గయానాలో వాడుక పేరు అకూరి. మూడు నుండి ఆరు కిలోల బరువు ఉంటుంది. కుందేలు కాదు. ఎలుకలు, ఉడుతలు, ముళ్ళపందులు ఏ గుంపులోనివో అదీ ఆ గుంపులోనిదే. పైన రెండు, క్రింద రెండు ఉలిలాంటి ముందు పళ్ళు బ్రతికినంత కాలము పెరుగుతూనే ఉండడం ఆ గుంపుకు గుర్తు. కొరకకపోతే ఆ పళ్ళు వాటి నోటికే అడ్డమవుతాయి.

పోలికను బట్టి పేరు పెట్టే అలవాటు మాకొక్కరికే లేదు. మన పందికొక్కు సంగతే చూడండి. ఆ తెలుగు మాటను ఇంగ్లీషువారు పట్టుకొని బాండికూట్ చేసుకున్నారు. తరువాత ఆస్ట్రేలియా వెళ్ళినవారు అక్కడ కొంచెం అలాగే కనిపించిన మరొక జంతువుకు అదే పేరు తగిలించారు. కాని ఆ జంతువు ఎలుక జాతే కాదు. కంగారూవలె సంచిలో పిల్లను మోసే జాతి. మూతి చూచి పెట్టిన పేరు, నేటికీ అలాగే నిలిచిపోయింది.

రెండవ పొరపాటు

మరికొంత దూరము వెళ్ళాక చెట్టు మొదట్లో ఇంకొకటి కనిపించింది. అలాంటి ఆకారమే. అలాంటి మూతే. సైజు మాత్రం సగము కంటే తక్కువ. ఈసారి జాగ్రత్తగా చూచి, అకూరి పిల్ల అన్నాము. మాకు పాఠము వచ్చేసిందనే అనుకున్నాము.

"అంకుల్, తోక చూశారా?" అన్నాడు ఆ సహోదరుడు మెల్లగా. గయానాలో కూడా పెద్దవారిని అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు.

తోక చూడలేదు. అప్పుడు చూచాము. చూపుడు వేలంత సన్నని తోక. కొసన తెల్లగా ఉంది. ఆ జంతువు దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే ఎవరో చిన్న జెండా ఊపినట్లుంది. అకూరికి తోక ఉన్నదంటే ఉన్నది, మొండిగా ఒక బొడిపె మాత్రమే. అది పిల్లగా ఉన్నా అంతే, పెద్దదైనా అంతే.

ఇది అకూరి పిల్ల కాదు, పూర్తిగా ఎదిగిన అడూరి. పుస్తకాలలో అకూషి అంటారు. దాదాపు కిలో, కిలోన్నర బరువు. రంగులో కూడా తేడా ఉంది. అకూరికి ఎరుపు పిర్రల మీదనే ఉంటే, అడూరికి ప్రక్కలూ కాళ్ళూ ఎర్రగా ఉండి నడుము మీద నలుపు తిరుగుతుంది. అయితే అడవిలో వెలుతురు తక్కువ. ఆకుల నీడలో రంగు మోసము చేస్తుంది. సైజు కూడా మోసము చేస్తుంది, ఎందుకంటే ప్రతి పెద్దదీ ఒకనాడు చిన్నదే గదా. తోక మాత్రం మోసము చేయదు. అందుకే ముందు తోక చూచి తరువాత పేరు చెప్పమని ఆయన మాకు నేర్పాడు.

ఈ రెండూ పగటి పూట తిరిగేవే. రెండిటికీ ఒకే మంచి అలవాటు ఉంది. పండ్లు, గింజలు విరివిగా రాలే కాలములో కడుపు నిండాక మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తీసుకొని పోయి, వేర్వేరు చోట్ల మట్టిలో పాతి ఆకులు కప్పుతాయి. కరువు నెలల్లో తవ్వుకొని తింటాయి. కొన్నిటిని తీయకుండానే మిగిలిపోతాయి. అలా మిగిలినది మొలకెత్తుతుంది. బరువైన గింజ గాలికి ఎగరదు, పక్షి మింగలేదు. తల్లి చెట్టు క్రిందనే పడి ఉంటే పురుగుల పాలవుతుంది. దాన్ని దూరముగా నాటే చేతులు ఈ జంతువులవే.

పనామా దేశపు అడవిలో పరిశోధకులు తాటి జాతి చెట్టు గింజలకు చిన్న రేడియో పరికరాలు కట్టి, వాటి వెంట పడ్డారు. ఆ సంగతులు 2012లో ప్రచురించారు. అక్కడి అగూటులు ఒక గింజను తవ్వి తీసి మళ్ళీ వేరొక చోట పాతడం 36 సార్లు జరిగింది. ఒక దాని గింజను మరొకటి దొంగిలించి ఇంకొంచెం దూరములో దాచుకోవడం వలన కూడా గింజ ముందుకు సాగుతూ పోయిందట. దొంగతనములో నుండి కూడా ఒక వనము లేచేలాగా చేసిన సృష్టికర్త జ్ఞానాన్ని తలచుకుంటూ, ఆ చెట్ల నీడలో కాసేపు మౌనముగా కూర్చున్నాము.

రాత్రి నది మీద

మూడవ జంతువును చూడాలంటే రాత్రి వెళ్ళాలి. భోజనమైన తరువాత పడవలో కూర్చొని ఒడ్డు వెంబడి పోయాము. ఆ సహోదరుడు టార్చి లైటు ఒడ్డు మీదికి త్రిప్పాడు. రెండు కండ్లు నిప్పు కణాలలాగా మెరిశాయి.

పడవ దగ్గరైంది. బలిసిన పంది పిల్లలాంటి ఒళ్ళు. పొట్టి కాళ్ళు, పెద్ద తల. ప్రక్కల మీద తెల్లని చుక్కలు, వరుసలు వరుసలుగా. లెక్కపెడితే నాలుగు వరుసలు. చూస్తూ ఉండగానే బుడుంగున నీటిలో మునిగిపోయింది. దీని పేరు లబ్బా. పుస్తకాలలో పాకా. ఆరు నుండి పన్నెండు కిలోల వరకు తూగుతుంది. పగలంతా నీటికి దగ్గరలో బొరియలో పడుకొని, దాని ద్వారాలను ఆకులతో మూసుకుంటుంది. భయము వేస్తే నీటిలోకి దూకుతుంది, బాగా ఈదుతుంది.

ఆ చుక్కలు చూడగానే మాకు నల్లమల గుర్తుకు వచ్చింది. మన అడవులలో మూషిక జింక ఉంది గదా. కుందేలంత ఉంటుంది. దానికీ అలాగే తెల్ల చుక్కలు, చారలు. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో వాటిని పెంచి, తిరిగి అమ్రాబాదు అడవిలో విడిచిపెట్టారు. రెండు బొమ్మలు ప్రక్క ప్రక్కన పెడితే దూరపు చుట్టాలేమో అనిపిస్తుంది. కాని మన మూషిక జింకకు గిట్టలు ఉంటాయి, నెమరు వేస్తుంది. పేరులో మూషికము ఉన్నా ఎలుక కాదు. లబ్బాకు గోళ్ళు ఉన్న వేళ్ళు ఉంటాయి, ఉలి పళ్ళు ఉంటాయి. చుక్కలు ఒకటే, చుట్టరికము లేదు. అడవి నీడలో దాగడానికి రెండిటికీ దేవుడు ఒకే తరహా చొక్కా తొడిగాడు, అంతే.

మూడవ పొరపాటు

లబ్బా మాంసము గయానాలో అందరికీ ఇష్టము. లబ్బా తిని వాగు నీళ్ళు త్రాగినవాడు మళ్ళీ ఆ దేశానికి రాక మానడని అక్కడివారు అంటూ ఉంటారు. 1985లో ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ మధ్య అమెరికాలోని బెలీజు దేశము వెళ్ళినప్పుడు ఆమెకు వడ్డించిన విందులో ఇదే మాంసము ఉంది. లండను పత్రికలు రాణిగారికి ఎలుకను పెట్టారని పెద్ద అక్షరాలతో వ్రాశాయి. బెలీజువారు నొచ్చుకోకుండా, నాటి నుండి దానికి రాజుల ఎలుక అని బిరుదు ఇచ్చుకున్నారు.

ఈ కథ చెప్పుకొని నవ్వుకుంటూ, మాలో ఒకరు అన్నారు: "ఎలుక జాతే గదా, ఎంత వేటాడినా తరగదులెండి."

ఆ మాట ఆ సహోదరునికి నచ్చలేదు. పడవ ఆపి, చాలా నెమ్మదిగా చెప్పాడు. లబ్బా ఒక కాన్పుకు సాధారణముగా ఒకే ఒక్క పిల్లను కంటుంది. నెలలు తరబడి మోసి, కండ్లు తెరచి ఉన్న పిల్లను, ఒంటి నిండా వెంట్రుకలు ఉన్న పిల్లను కంటుంది. ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు కాన్పులు. మన పందికొక్కు ఒక్కొక్క ఈతకు ఎన్ని పిల్లలు పెడుతుందో వరి పండించే మీకు మేము చెప్పనక్కర లేదు. పందికొక్కు లెక్కను లబ్బాకు వేస్తే, కొన్నేండ్లలో ఆ నది ఒడ్డున ఒక్క జత కండ్లు కూడా మెరవవు. జాతి పేరు ఒకటైనంత మాత్రాన బ్రతుకు ఒకటి కాదు.

దిద్దిన పేజీ

మరునాడు అడవి అంచున ఉన్న వారి గ్రామానికి వెళ్ళాము. తాటాకు కప్పిన ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన మాకు ఒక నోటుపుస్తకము చూపించాడు. వేటకు వెళ్ళినవారు ఏమి తెచ్చారు, ఎక్కడ తెచ్చారు, ఆడదా మగదా అని తేదీల వారీగా వ్రాసి ఉంది. పిల్లలు చదువుకున్నవారు గనుక వారే వ్రాస్తారు. ఆ లెక్కను బట్టి ఏ వాగు వైపు కొన్నాళ్ళు వేట మానాలో పెద్దలు కూర్చొని మాట్లాడుకుంటారు.

ఒక పేజీలో అడూరి అనే మాట కొట్టివేసి అకూరి పిల్ల అని దిద్ది ఉంది. ఏమిటని అడిగాము. మనవడు తొందరలో సైజు చూచి అడూరి అని వ్రాశాడట. తాత ఆ చర్మాన్ని తెప్పించి, తోక లేదని చూపించి, తిరిగి వ్రాయించాడట. ఒక్క మాటకు అంత పట్టింపు ఎందుకని మనవడు విసుక్కున్నాడట.

"ఎదిగిన అడూరి ఒకటి పోతే ఒకటే పోయింది. అకూరి పిల్లలే వేటకు దొరుకుతున్నాయంటే, పెద్దవి అప్పటికే పోయాయేమో చూచుకోవాలి. తప్పు పేరు వ్రాస్తే ఆ సంగతి మాకెలా తెలుస్తుంది?" అన్నాడు పెద్దాయన.

మేము ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాము. ఆ మనవడు తల వంచుకొని నవ్వుతున్నాడు. వచ్చే ఏడు ఆ ఇంటి కుండలో ఏమి ఉడుకుతుందనేది ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

పండితులు కూడా

మేమొక్కరమే పొరపడ్డామని చిన్నబుచ్చుకోనక్కర లేదని తరువాత తెలిసింది. అదే అడవులలో ముళ్ళ ఎలుకలు అనేవి ఉన్నాయి. వెంట్రుకల మధ్య బిరుసైన ముళ్ళలాంటి రోమాలు ఉంటాయి. పట్టుకుంటే తోక తెగి చేతిలోకి వస్తుంది. వీటిలో ఒక జాతికి గయానా పేరు మీద 1803లో శాస్త్రీయ నామము పెట్టారు. దానితో కలిసి తిరిగే మరొక జాతి ఉన్నదని, అది వేరని 1978లో గాని పేరు పెట్టలేదు. నడుమ 175 సంవత్సరాలు! పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. నమలే పళ్ళలోని ముడతలను, పుర్రె ఎముకలను పోల్చి చూడాలి. కణములలోని క్రోమోజోములు లెక్కపెడితే ఒకదానికి 40, మరొకదానికి 28. మనుష్యులు ఒకటే అనుకొని ఒక పేరుతో పిలిచిన ఆ కాలమంతా, ఆ ఎలుకలు మాత్రం ఒకదాన్ని ఒకటి ఎరిగే ఉన్నాయి. వాటిని చేసినవాడూ ఎరిగే ఉన్నాడు.

మా పిల్లలు గుర్తుంచుకోవడానికి ఇంటికి వ్రాసిన ఉత్తరములో ఈ గుర్తులు వరుసగా పెట్టాము. మీ పిల్లలకు కూడా పనికివస్తాయి.

1. రాత్రి వేళ, నీటి దగ్గర, ప్రక్కల మీద తెల్ల చుక్కల వరుసలు: లబ్బా.

2. పగటి వేళ, పిర్రల మీద ఎరుపు, తోక లేనట్లే: అకూరి.

3. పగటి వేళ, చిన్న ఒళ్ళు, తెల్లని కొస గల సన్నని తోక ఆడిస్తుంది: అడూరి.

4. ఏదీ సరిగా కనబడకపోతే: పేరు చెప్పకుండా ఆగి, మళ్ళీ చూడాలి.

తిరిగి బెర్బీస్‌కు

నాలుగవ గుర్తు మా కోసమే వ్రాసుకున్నాము. బల్లకట్టు మీద నది దాటుతూ ఉండగా, మందిరపు గుమ్మములో నిలబడిపోయిన ఆ తల్లి మాలో ఒకరికి గుర్తుకు వచ్చింది. ఆమె ఏదో చెప్పబోయింది. మేము మద్రాసీ అనే ఒక్క మాట విని, పేరు పెట్టేసి వచ్చేశాము. ఎర్రమట్టి దారిలో కుందేలు అన్నట్లే.

ప్రయాణానికి ఇంకా రెండు రోజులు ఉంది. మళ్ళీ బెర్బీస్ వెళ్ళాము. సంఘపు పెద్దలు ఆమె ఇల్లు చూపించారు. చెక్క ఇల్లు, వాకిట్లో మందార చెట్టు. మమ్మును చూచి ఆమె ఆశ్చర్యపడింది. ఆ రోజు మీరు ఏదో చెప్పబోయారు, మేము వినలేదు, మన్నించండి అన్నాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన నానమ్మను గూర్చి చెప్పింది. తాను చిన్న పిల్లగా ఉన్నప్పుడు నానమ్మ మంచములో పడిందట. ఆమె మాట్లాడే భాష ఇంట్లో అప్పటికే ఎవరికీ సరిగా రాదు. అందులో ఒక్క మాట మాత్రం తనకు గుర్తుంది. ఆ మాట ఏ భాషదో ఎవరినైనా అడగాలని ఇన్నేండ్లూ అనుకుంటూ ఉందట. ఆదివారము మమ్మును అడగబోయింది అదే.

"ఏమిటమ్మా ఆ మాట?" అని అడిగాము.

"నీళ్ళు" అన్నది.

మంచము ప్రక్కన నిలబడి ఉన్న చిన్న పిల్లను, నానమ్మ నీళ్ళు, నీళ్ళు అని అడిగేదట. గ్లాసు తెచ్చి పెదవులకు అందించేదట. తమిళములో ఆ మాట లేదు. అది మన మాట. మీ పెద్దలు తెలుగువారమ్మా, మా వారే అని చెప్పినప్పుడు ఆమె కండ్ల నీళ్ళు పెట్టుకున్నది. మేమూ నిలువలేకపోయాము. ఆ ఇంట్లో అందరం కలిసి ప్రార్థన చేశాము. ఆమె కోరగా తెలుగులో చేశాము. ఒక్క మాట కూడా ఆమెకు అర్థము కాలేదు. అయినా ఆమేన్ అని అందరికంటే గట్టిగా చెప్పింది.

మొదటి ఆదివారము మేము ఇంకొక్క నిమిషము నిలబడి ఉంటే చాలు, ఆమె అడిగి ఉండేది. రెండు రోజులు లేకపోయి ఉంటే ఆమె ప్రశ్న ఆమెతోనే ఉండిపోయేది.

మనకు పాఠము

ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు జంతువులను ఆదాము దగ్గరకు తెచ్చి, వాటికి ఏ పేరు పెడతాడో చూచాడని చదువుతాము. పేరు పెట్టడం దేవుడు మనిషికి అప్పగించిన మొదటి పనులలో ఒకటి. ఆ పనిని తొందరలో చేసే అధికారము మనకు ఇవ్వలేదు. ప్రవక్తయైన సమూయేలు కూడా యెష్షయి ఇంట్లో పెద్ద కుమారుని ఎత్తు, రూపము చూచి పొరపడ్డాడు. గొఱ్ఱెల దగ్గర ఉన్న చిన్నవాడు వచ్చేవరకు ఆగవలసివచ్చింది.

మన గ్రామములలో, మన సంఘములలో కూడా ఇలాంటి పేర్లు మనము పెడుతూనే ఉంటాము. ఆ వీధివాళ్ళు అంతే అంటాము. ఆ ఇంటి పిల్లలు ఇంతే అంటాము. వెనుక బెంచీలో కూర్చొనేవారికి భక్తి లేదంటాము. ఒక్కరిని చూచి ఇంటి పేరు మొత్తానికి పేరు పెడతాము. దొరలు మన పెద్దలందరినీ ఒకే మాటలో చుట్టివేశారని బాధపడే మనము, మన ప్రక్క బెంచీవారిని అలాగే ఒక మాటలో చుట్టివేస్తాము. ఆ తరువాత వారు చెప్పబోయిన మాట వినడానికి మనము అక్కడ ఉండము.

అడవిలో ఒక నోటుపుస్తకములో తప్పు పేరు పడకుండా ఆ తాత చర్మము తెప్పించి చూచాడు. ఒక సహోదరుని గూర్చి, సహోదరిని గూర్చి మాట అనే ముందు మనమెంత చూస్తున్నాము? వచ్చే ఆదివారము ఆరాధన తరువాత, మీరు ఇంతవరకు పేరు మాత్రమే ఎరిగిన ఒకరి దగ్గర ఇంకొక్క నిమిషము నిలబడండి. వారు ఏమి చెప్పబోతున్నారో వినండి.

ప్రతి గొఱ్ఱెను దాని పేరుతో ఎరిగిన మంచి కాపరి, మనకు ఓపిక గల చూపును అనుగ్రహించును గాక. ఆమేన్.